బావురుపిల్లి కోసం బుర్ఖా

కోట దగ్గర రొయ్యల గుంటల నుంచి,
11 జూన్ 2024

ప్రియమైన షాహిదా ఖాలాకు,

సలాం. నేను బాగున్నాను. నీ చెవి మిషను మళ్ళీ పెట్టెలో పడేశావని పక్కింటి రెబెక్కమ్మ ఆంటీ చెప్పింది. అది ఈల వేస్తుందని నీ ఫిర్యాదు. అది లేకుండా ఫోనెత్తి నేనేం చెప్పినా "ఆ, తిన్నాను" అంటావు. పోయినసారి నాకు జ్వరం వచ్చిందన్నా తిన్నాననే అన్నావు. ఇంతకన్నా ఉత్తరాలే నయం.

ఇక్కడొక సంగతి జరిగింది. మొన్న పొద్దున గుంటల రోడ్డు మీద ఏదో లారీ కింద పడి ఒక బావురుపిల్లి చచ్చిపోయింది. మన ఇంటి పిల్లులకు రెండింతలుంటుంది. బూడిద రంగు ఒళ్ళు, నల్ల చుక్కలు, పొట్టి తోక. నీళ్ళలో దూకి చేపలు పట్టుకు తినే అడవిపిల్లి. దాని పిల్ల పక్కనే జమ్ములో కూర్చుని, తల్లి లేస్తుందని చూస్తూ ఉంది. నీళ్ళ పరీక్షకు సీసాలు పట్టుకుని పోతున్నదాన్ని, అక్కడే నిలబడిపోయాను.

అటవీశాఖ పశువుల డాక్టరు గంగాభవాని గారు వచ్చారు. జూకి తీసుకుపోతే బతుకుతుంది గానీ, బతికినన్నాళ్ళూ బోనులోనే అన్నారు. ఇక్కడే పెంచి, వేట వచ్చాక వదిలేద్దామా అని అడిగారు. మా గుంటల యజమాని కామాక్షయ్య గారు వాడకుండా వదిలేసిన చిన్న గుంట ఒకటి ఇచ్చారు. చుట్టూ వల కట్టాం, లోపల జమ్ము, నీళ్ళు. దాన్ని చూసే పని నాది. నియమాలు చాలా ఉన్నాయి. తాకకూడదు, మాట్లాడకూడదు, పేరు పెట్టకూడదు.

సరుకుల వ్యాను హారన్ కొడుతోంది, ఉత్తరం అందులోనే పంపాలి. అన్నట్టు నీ నల్ల బుర్ఖా ఒకటి నాకు పంపు. త్వరగా కావాలి.

నీ సబీనా

&nbsp;

బుచ్చిరెడ్డిపాలెం,
20 జూన్ 2024

సబీనా బంగారూ,

వ అలైకుమ్ సలాం. నీ ఉత్తరం చదివి కుట్టుమిషను ఆపేసి కూర్చున్నాను. ప్యాంటూ చొక్కా వేసుకుని, నెత్తిన టోపీతో గుంటల గట్ల మీద తిరిగే పిల్ల బుర్ఖా అడిగిందంటే ఊరికే అడగదు. కోవూరు సంబంధం వాళ్ళు నిన్ను చూడటానికి అక్కడికే వస్తున్నారు కదూ? ఆ అబ్బాయి అర్మాన్ వాళ్ళ అమ్మ పోయిన నెల నీ ఫోను నంబరు తీసుకుంది. నోటితో చెప్పడానికి సిగ్గేసి బుర్ఖా అడిగావు. నీకు సిగ్గు కూడా ఉందని తెలిసి నాకు ధైర్యం వచ్చింది.

నా పాతది ఎందుకు? కొత్తది కుట్టాను. చేతులకు సన్న లేసు వేశాను. మన ఇళ్ళలో ఆడపిల్లకు మంచి జరిగేటప్పుడు బట్ట ఉత్తగా ఇవ్వరు కదా. మడత మడతకూ వట్టివేళ్ళ అత్తరు దూది పెట్టాను. అంచు విదిలిస్తే గది నిండుతుంది. రెబెక్కమ్మకు చెప్పాను, ఆమె వీధికంతా చెప్పింది.

ఇక ఆ పిల్లి సంగతి. తల్లి లేని పసిదాన్ని తాకకూడదని చెప్పిన డాక్టరు ఏం డాక్టరు? ఒకసారి ఒళ్ళో వేసుకుని నిమురు, దానంతటదే కోలుకుంటుంది. పేరు లేకుండా ఏ ప్రాణి అయినా బతుకుతుందా? నవాబు అని పిలువు. నేను పెట్టినట్టు చెప్పు.

నీ ఖాలా

&nbsp;

కోట,
3 జూలై 2024

ప్రియమైన ఖాలాకు,

నువ్వు కోప్పడతావని తెలిసే రాస్తున్నాను. సంబంధం లేదు, చూడటానికి ఎవరూ రావడం లేదు. బుర్ఖా పిల్లి కోసం.

నవ్వకు. మనిషి ఆకారం, మనిషి ముఖం దానికి తెలియకూడదు. తిండి మనుషులు పెడతారని నేర్చుకుంటే, వదిలేశాక ఊళ్ళోకి పోతుంది, చస్తుంది. ఒళ్ళంతా కప్పుకుని పోవాలని డాక్టరు గారు అన్నప్పుడు నాకు నీ బుర్ఖానే గుర్తొచ్చింది. వ్యాను తొందరలో ఆ ముక్క రాయలేదు. తప్పు నాదే. నీ పార్శిలు విప్పి ఆ లేసు చూసి ఏడుపొచ్చింది. కానీ అప్పటికి వేరే దారి లేదు. రెండుసార్లు ఉతికినా అత్తరు పోలేదు. వట్టివేళ్ళ వాసన అచ్చం తడిసిన మట్టిలాగే ఉంటుంది కదా, నా మనిషి వాసన కప్పేస్తుంది, మంచిదే అనుకున్నాను.

నీ నవాబు బాగా పెరిగాడు. తొట్టిలో బతికున్న జిలేబీ చేపలు వదిలితే, మొదట్లో నీళ్ళ మీద అరచేత్తో కొట్టి, తన ముఖం తడిసిందని తనే కోపం తెచ్చుకునేవాడు. నిన్న తల ముంచి ఒకటి పట్టాడు. పట్టుకుని ఏం చేయాలో తెలియక, నోట్లో చేపతో గుంట చుట్టూ తిరిగాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టకూడదు.

ఎత్తుకోమన్నావని డాక్టరు గారికి చెప్పాను. ఆవిడ, "ఒళ్ళో పెరిగింది బయట బతకలేదమ్మా, ఎందుకూ పనికిరాకుండా పోతుంది" అన్నారు. అది నిజమే ఖాలా. ఇప్పుడు నాకు బాగా అర్థమవుతోంది.

నీ సబీనా

&nbsp;

బుచ్చిరెడ్డిపాలెం,
12 జూలై 2024

సబీనాకు,

ఉత్తరం అందింది. వీధిలో అడిగిన వాళ్ళకు బుర్ఖా పిల్లికని చెప్పాను. బాగా నవ్వుకున్నారు. నవ్వనీ.

మా అక్క పోయేనాటికి నీకు నడక కూడా సరిగ్గా రాలేదు. ఒళ్ళో నిన్ను పెట్టుకుని ఒక కాలితో మిషను తొక్కాను. ఒళ్ళో పెరిగింది ఎందుకూ పనికిరాదని ఇప్పుడు నీకు బాగా అర్థమైంది. సంతోషం. నాకు ముందే తెలిసుంటే వల కట్టి దూరం నుంచి చేపలు విసిరేదాన్ని.

నాకు పని ఉంది. పండక్కి బట్టలు కుట్టాలి.

షాహిదాబీ

&nbsp;

కోట,
18 జూలై 2024

ఖాలా,

కింద షాహిదాబీ అని సంతకం పెట్టావు. పరాయివాళ్ళకు పెట్టినట్టు. ఆ పేరు చూసి అన్నం తినలేకపోయాను.

డాక్టరు గారు అన్నది పిల్లిని. నేను నిజమన్నది పిల్లి గురించి. నేను పిల్లిని కాను, నాకు నువ్వు కావాలి. ఆ వల దగ్గర కూర్చున్నప్పుడల్లా నాకు నీ ఒళ్ళే గుర్తొస్తుంది. మిషను కదలికకు నిద్రపట్టేది. దానికి ఆ సుఖం ఇవ్వకూడదు కదా అని నేను పడే బాధ నీకు ఎట్లా రాయాలో తెలియక, డాక్టరు గారి మాట రాశాను. ఎంత తిట్టినా తిట్టు, కానీ ఖాలా అనే సంతకం పెట్టు.

ఇంకొకటి. నీ నవాబు ఆడపిల్ల అట.

నీ సబీనా

&nbsp;

బుచ్చిరెడ్డిపాలెం,
8 ఆగస్టు 2024

సబీనా బంగారూ,

నాకు కోపం త్వరగా పోతుందని నీకు అలుసు. పోయింది.

ఆడపిల్లా? అయితే బేగం. నియమం మీదైతే మీరు పెట్టుకోకండి, నేను ఇక్కడ నుంచి పిలుచుకుంటాను, దానికేమన్నా వినపడుతుందా, నాకేమన్నా వినపడుతుందా?

ఆలోచిస్తే నా బుర్ఖా ఒక తల్లిలేని దానికి తిండి మోస్తోందంటే మంచిదే. ఇన్ని ఉతుకులకు అత్తరు తగ్గిపోయి ఉంటుంది. నీ మనిషి వాసన బయటపడితే ఎట్లా? ఒక సీసా పంపుతున్నాను. దండిగా పూసుకో, దాచుకోవద్దు. కోవూరు వాళ్ళు మళ్ళీ కబురు చేశారు. ఈ పిల్లి పని అయ్యాక ఇంటికి వచ్చేస్తావు కదా? నీ గదికి సున్నం వేయిస్తున్నాను.

నీ ఖాలా

&nbsp;

కోట,
14 సెప్టెంబరు 2024

ఖాలా,

చాలా రోజులు రాయలేదు. రాయడానికి మంచి కబురు లేక.

ఇక్కడికి గురువారం గురువారం ఫకీరు దరియావలి తాత వస్తాడు. నెమలీకల కట్టతో, సాంబ్రాణి పొగతో మా గుంటల షెడ్డుకు దిష్టి తీసిపోతాడు. మనుషుల అలికిడి అయితే చాలు, ఆ పిల్ల జమ్ములోకి దూరిపోయేది. పోయిన గురువారం ఆయన గట్టు మీద నడుస్తుంటే అది పరుగెత్తుకుంటూ వచ్చి, వలకు ఒళ్ళు రుద్దుతూ అరిచింది. ఆయన మెడలో అత్తరు దూది ఉంది. మన వట్టివేళ్ళదే.

డాక్టరు గారు వచ్చి పరీక్ష చేశారు. నేను బుర్ఖా లేకుండా పోతే దాక్కుంది. ఆమె రుమాలుకు అత్తరు రాసుకుని పోతే వచ్చింది. ముఖం చూపలేదు, మాట వినిపించలేదు, అన్నీ దాచాను. వాసన మాత్రం దానికి అమ్మ అయిపోయింది. తప్పు నీది కాదు, సీసా పూసుకున్నది నేను. మట్టి వాసనే కదా అని మురిసిపోయాను.

ఈ తీరంలో అత్తరు పూసుకునే ఇళ్ళు ఎన్ని! వదిలితే ఏదో ఒక వాకిట్లోకి పోతుంది. కామాక్షయ్య గారు చెడ్డమనిషి కాదు, ఆయన కూడా వచ్చి చూసి, "అది రొయ్యలు తినదు, చేపలే తినుద్దని నువ్వు చెప్తా ఉండావు. మా కుక్కలకి ఆ తేడా తెలవదు మే" అన్నారు. వానలు తగ్గేలోపు ఆ అలవాటు మానకపోతే జూకి పంపాల్సిందేనని డాక్టరు గారు తేల్చేశారు. అక్కడి బోను ఫోటో చూపించారు. సిమెంటు నేల, మూలన నీళ్ళ తొట్టి.

ఏం చేయాలో తోచడం లేదు.

నీ సబీనా

&nbsp;

బుచ్చిరెడ్డిపాలెం,
19 సెప్టెంబరు 2024

సబీనా,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి సూది చేతిలో నిలవడం లేదు. తప్పు నాది కాదని రాశావు. అత్తరు నాది కాదా?

తోచడం లేదంటావేం? పాలు మానని పిల్లకు మన ఆడవాళ్ళు ఏం చేస్తారు? వేపాకు నూరి రాసుకుంటారు. పిల్ల నోరు పెడుతుంది, చేదు తగులుతుంది, ముఖం తిప్పుకుంటుంది. రెండు మూడు పూటలు ఏడుస్తుంది, తర్వాత అన్నానికి వస్తుంది. నీకు మాత్రం ఎవరూ అట్లా మానిపించలేదు. మానిపించే దాకా మా అక్క ఉండలేదు.

బుర్ఖా వేసుకుని పోయినప్పుడు చేపకు వేపాకు ముద్ద రాసి పెట్టు. మంచి చేపలు ఎవరూ కనపడకుండా నీళ్ళ గొట్టంలోంచి వదులు. అత్తరంటే చేదు, నీళ్ళంటే తీపి. ఆ డాక్టరమ్మను అడుగు, కాదంటుందేమో చూస్తాను.

నీ ఖాలా

&nbsp;

కోట,
1 అక్టోబరు 2024

ప్రియమైన ఖాలాకు,

డాక్టరు గారు నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని చదివారు. పెద్దగా నవ్వి, "మీ పిన్నమ్మ చెప్పినట్టే చేద్దాం" అన్నారు.

సగం పనిచేసింది. బుర్ఖా తెచ్చే చేపను ఇప్పుడు ముట్టదు. ఒకసారి కొరికి, ఉమ్మి, నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. గొట్టం దగ్గర కాపు కాసి తన చేపలు తనే పట్టుకుంటోంది. కానీ అత్తరు వాసన వస్తే ఇంకా వలకు వచ్చి రుద్దుకుంటుంది. తిండికి కాదు, ఊరికే. ఇక దాన్ని భయపెట్టాలట. అత్తరుతో లోపలికి పోయి, డబ్బా మోగిస్తూ, నీళ్ళు కొడుతూ తరమాలి. దానికి గాయం కాకూడదు, గుండె మాత్రం జారాలి.

రెండుసార్లు డబ్బా ఎత్తాను. అది నా కాళ్ళ వైపు వస్తూ సన్నగా అరుస్తుంది ఖాలా. ఆ అరుపు వింటే నా చెయ్యి కిందికి దిగిపోతోంది. డాక్టరు గారు తనే చేస్తానన్నారు. ఆమె వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఇది వరసగా చేయాలి.

నీ సబీనా

&nbsp;

బుచ్చిరెడ్డిపాలెం,
5 అక్టోబరు 2024

సబీనా,

నువ్వు చేయలేవు, నిన్ను అట్లా పెంచలేదు. నేను వస్తున్నాను. వచ్చే ఆదివారం కోట బస్టాండుకు వ్యాను పంపు. పాత డబ్బాలు ఉంటే సిద్ధంగా పెట్టు. అది అరిస్తే నాకు ఎట్లాగూ వినపడదు.

ఖాలా

&nbsp;

కోట,
17 అక్టోబరు 2024

ఖాలా,

నువ్వు చెప్పకుండా నిన్న పొద్దున బస్సుకే వెళ్ళిపోయావు. నీ టిఫిను గిన్నె ఇక్కడే ఉండిపోయింది.

నీతో సరిగ్గా మాట్లాడలేదు, అది నాకు తెలుసు. ఉన్న మూడు రోజులూ ముఖం తిప్పుకుని తిరిగాను. నువ్వు ఆ లేసు బుర్ఖాలో, తలనుంచి కాళ్ళ దాకా అత్తరుతో, మోకాలి లోతు నీళ్ళలో దిగి డబ్బా మోగిస్తూ "పో, పో" అని కేకలు పెడుతుంటే, అది మొదట ఆట అనుకుంది. నీ చుట్టూ తిరిగింది. తర్వాత నువ్వు నీళ్ళు చిమ్మి మీదికి పోయావు. అది జమ్ములో మూలకు పోయి ముడుచుకుంటే, అక్కడికి కూడా పోయావు. నాకు నీ మీద అసహ్యం వేసింది. నేను చేయలేని పని నీతో చేయించి, నేనే అసహ్యించుకున్నాను.

ఇవాళ గురువారం కదా, దరియావలి తాత గట్టు మీద వచ్చాడు. అది చెవులు వెనక్కి పెట్టి, పళ్ళు చూపించి, జమ్ములోకి మాయమైంది. డాక్టరు గారు నా భుజం తట్టారు. తట్టాల్సింది నీ భుజాన్ని.

నా మీద కోపం వచ్చిందా?

సబీనా

&nbsp;

బుచ్చిరెడ్డిపాలెం,
24 అక్టోబరు 2024

సబీనా బంగారూ,

కోపం కాదు. అక్కడ ఇంకో పూట ఉంటే దాన్ని ఎత్తుకునేదాన్ని. అందుకని పారిపోయి వచ్చాను.

వినపడదన్నానే గానీ కళ్ళు ఉన్నాయి కదా. అది నోరు తెరవడం కనపడుతూనే ఉంది. చిన్న ఎర్రటి నోరు. మూలకు ముడుచుకున్నప్పుడు నన్ను చూసి ఎందుకని అడిగినట్టుంది. నీకు చిన్నప్పుడు ఆసుపత్రిలో సూది వేయించడానికి చేతులు గట్టిగా పట్టుకున్నప్పుడు నువ్వూ అట్లాగే చూశావు. బస్సులో కోవూరు దాకా ఏడుస్తూనే వచ్చాను. పక్కన కూర్చున్నామె ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఎవరూ పోలేదు, ఒకరు బతకాలి అన్నాను. ఆమె నాకు మంచినీళ్ళిచ్చి వేరే సీట్లోకి పోయింది.

గిన్నె అక్కడే ఉండనీ. వానలు ఎక్కువగా ఉన్నాయట, జాగ్రత్త.

నీ ఖాలా

&nbsp;

కోట,
3 ఫిబ్రవరి 2025

ప్రియమైన ఖాలాకు,

నిన్న వదిలేశాం.

ఉప్పుటేరు మలుపులో, సరుగుడు తోపు దాటాక, జమ్ము దట్టంగా ఉన్న చోట. గుంట దగ్గర నుంచి బోనులో తీసుకుపోయాం. తెల్లవారుతూ ఉంది. బోను తలుపు ఎత్తాక చాలాసేపు రాలేదు. వచ్చి నీళ్ళ అంచున వాసన చూసుకుంటూ నిలబడింది. ఇప్పుడు దాన్ని చూస్తే నువ్వు గుర్తుపట్టవు. మెడ బలిసింది, నడకలో బరువొచ్చింది.

అప్పుడు డాక్టరు గారు చివరి పరీక్ష అన్నారు. నీ బుర్ఖా వేసుకుని, సీసాలో మిగిలినదంతా పూసుకుని, గాలి దాని వైపు వీచే చోట నిలబడ్డాను. అది నా దగ్గరికి వస్తే మళ్ళీ బోనులోకే. రావద్దు, రావద్దు అనుకుంటున్నాను. లోపల ఇంకో మనసు ఒక్కసారి రావే అంటోంది. నీకు కాబట్టి రాస్తున్నాను.

దాని ముక్కు కదిలింది. తల ఎత్తి నా వైపు చూసింది. చూసిన మరుక్షణం నీళ్ళలోకి దూకి, ఈదుకుంటూ అవతలి జమ్ములోకి పోయింది. వెనక్కి చూడలేదు. కామాక్షయ్య గారు కూడా వచ్చారు. "పోయిందిలే మే, ఏడవమాక" అన్నారు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. ఆ మలుపు వైపు కుక్కల్ని వదలనని చెప్పారు.

ఇంకో సంగతి నిదానంగా చెప్పాలి. ఈ ఉప్పుటేటి పొడుగునా ఇట్లాంటి పిల్లులు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ తిరుగుతున్నాయో చూసే పని ఒకటి మొదలవుతోందట. నీళ్ళ పరీక్షలతో పాటు అదీ చేస్తావా అని డాక్టరు గారు అడిగారు. నువ్వు గదికి సున్నం వేయించావు. ఏం చెప్పమంటావు?

నీ సబీనా

&nbsp;

బుచ్చిరెడ్డిపాలెం,
12 ఫిబ్రవరి 2025

సబీనా బంగారూ,

ఏం చెప్పమంటావని నన్ను అడగడానికి సిగ్గులేదా? చేస్తానని చెప్పు. సున్నం వేసిన గది ఎక్కడికీ పోదు, వచ్చినప్పుడు పడుకుందువు. కోవూరు వాళ్ళకు, మా పిల్లను చూడాలంటే ఉప్పుటేటి దగ్గరికే రండి, కాళ్ళకు బురద అంటుతుంది, చెప్పులు పాతవి వేసుకోండి అని కబురు చేశాను. వస్తే మంచివాళ్ళు. రాకపోతే నీకు తగినవాళ్ళు కాదు.

ఆ తెల్లవారుజాము సంగతి రెబెక్కమ్మతో పైకి చదివించుకున్నాను. ఆమె నోరు కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఏ ముక్క దగ్గర ఉందో నాకు తెలుస్తూనే ఉంది. పోయింది అనే చోట ఆమె ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ నేను ఎవర్ని పెంచినా, వాళ్ళు నన్ను చూస్తే పరుగెత్తుకుని రావాలనే పెంచాను. నిన్నూ అంతే. నా వాసన తగిలితే పారిపోయే ప్రాణి ఈ లోకంలో ఒకటి ఉండటం, దాన్ని తలుచుకుంటే నాకు ఇంత నిండుగా ఉండటం, ఇది నేను అనుకోలేదు. నమాజు అయ్యాక నీ కోసం అడిగేవి అడిగి, ఇప్పుడు దాని కోసం కూడా అడుగుతున్నాను. దానికి కడుపు నిండా చేపలు ఇవ్వమని. నేనంటే దానికున్న భయాన్ని నిండు నూరేళ్ళూ ఉంచమని.

నీ ఖాలా